వాగులో గుడి

ద్రోసులా మొక్కుకున్నది ఒక దీపపు గూడు. ఆమె తమ్ముడు స్టెర్గియోస్ ఆ మొక్కును దొంగిలించి, గుడి చేసి, తీసుకెళ్ళి వాగులో పెట్టాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ద్రోసులా పోయాక ఆమె భర్త వాయోస్ ఈ మాట ఇంట్లో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. ఎవరూ కాదనలేదు. ఔననీ అనలేదు. గురువారం పొద్దున కూతురింటి వంటింట్లో మళ్ళీ అన్నాడు. కూతురు జాఫిరో తలెత్తలేదు.

బల్ల మీద తెల్లటి వలగుడ్డ ముక్కలు, చక్కెరపూత బాదంపప్పులు కుప్పగా ఉన్నాయి. ఆదివారం జాఫిరో పాప జ్ఞానస్నానానికి వచ్చేవాళ్ళకి పంచే మూటలవి. జాఫిరో, ఆమె అత్తగారు ఎవాంథియా ఎదురెదురుగా కూర్చుని కడుతున్నారు. పాప పక్కగదిలో నిద్రపోతోంది. దానికింకా పేరు లేదు. బేబా అంటున్నారు. ఆదివారం గంగాళంలో ముంచి ఫాదరు పేరు పలికేదాకా అది బేబాయే.

"నక్షా వచ్చిందట కదా," అంది జాఫిరో, ముడి వేస్తూనే.

"ఎవరు చెప్పారు?"

"రొట్టెల కొట్లో చెప్పారు. నాన్న ఆఫీసు సంగతి నేను రొట్టెల కొట్లో వినాలి."

"వచ్చింది."

"గుడి గీతకి లోపలా, బయటా?"

"వాగులో కట్టిన గుడి వాగులోనే ఉంటుంది."

ఎవాంథియా చటుక్కున లేచింది. "అన్నయ్యగారూ, కాఫీ పెడతాను."

"ఇప్పుడే తాగానమ్మా."

"ఇంకోటి తాగండి. కప్పు నోటి దగ్గరున్నంతసేపైనా ఇంట్లో గొడవ ఉండదు."

ఎవరూ నవ్వలేదు. ఆమె ఇత్తడి గిన్నె పొయ్యి మీద పెట్టి, వీపు ఇటు తిప్పి నిలబడింది.

ఊరి పక్కన ఎండువాగు ఉంది. కొండ మీంచి సముద్రం దాకా గులకరాళ్ళు, గన్నేరు పొదలు. ఏడాదిలో చాలా నెలలు అందులో మేకలు తిరుగుతాయి. ఆ వాగుకి హద్దు ఎక్కడో ఇన్నాళ్ళూ ఎవరూ గీయలేదు. వాయోస్ టౌన్ ప్లానింగ్ ఆఫీసుకి పెద్ద అధికారి అయ్యాక పట్టుబట్టి సర్వే చేయించాడు. నక్షా మీద అతని సంతకం పడితే ఆ గీత చట్టమవుతుంది. గీత లోపల ఏ గోడా నిలవదు.

"ఎప్పుడు పెడుతున్నావు సంతకం?"

"రేపు."

"సోమవారం పెడితే చేతులు పడిపోతాయా?"

"రేపటితో గడువు. రేపు పంపకపోతే ఫైలు కౌన్సిల్ చేతికి పోతుంది. వాళ్ళు గుడి చుట్టూ గీత వంచుతారు."

"వంచనీ. ఒక గుడి కోసం కాస్త వంచితే వాగుకి ఏం నొప్పి?"

"గుడి ఒక్కటే అయితే నేనే వంచేవాణ్ణి. గుడి వెనకాల మీ మావయ్య ముక్కలు చేసి అమ్మిన స్థలాలన్నీ ఆ వంపులోంచి బయటపడతాయి."

"అందులో మాదీ ఉంది."

"మీదీ ఉంది."

జాఫిరో దారం గట్టిగా లాగింది. అది తెగింది.

స్టెర్గియోస్ మేస్త్రీగా మొదలై కాంట్రాక్టరు అయినవాడు. ఈ దేశంలో ఇల్లు కూల్చడానికి బుల్డోజరు వస్తుంది, గుడి కూల్చడానికి రాదు. అది అతనికి బాగా తెలుసు. అందుకే ముందు గుడి కట్టాడు. గుడికి వెళ్ళేవాళ్ళ కోసం దారి వేశారు. దారి ఉంది కాబట్టి కరెంటు స్తంభాలు వచ్చాయి. స్తంభాలున్నచోట పునాదులు లేచాయి. గుడి ముందు గోడకి పాలరాతి పలక ఒకటి బిగించి, ద్రోసులా జ్ఞాపకార్థమని చెక్కించాడు. ఊళ్ళో ఆడవాళ్ళు ఆ పలకని ముద్దు పెట్టుకుని లోపలికి వెళ్తారు.

ద్రోసులా అడిగింది అది కాదు. జబ్బు ముదరకముందు ఒక సాయంత్రం, కొండదారి వంపు దగ్గర కారు ఆపించింది. అక్కడే ఒకప్పుడు వానలో ఆమె కారు జారి, అంచు మీద ఆగిపోయింది. "ఇక్కడ పునీత మరీనాకి ఒక గూడు పెట్టించు. ఇనుపదయినా చాలు. లోపల దీపం పెట్టడానికి చోటుండాలి. పోయేవాళ్ళు చూసి మెల్లగా నడుపుతారు," అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

వాయోస్ గూడు చేయించేలోపు స్టెర్గియోస్ ఆ పునీత మరీనాకే వాగులో గుడి కట్టేశాడు.

"నాన్నా, నేనొకటి చెప్తాను, కోప్పడకు," అంది జాఫిరో. "పాపకి మా అత్తయ్య పేరు రావాలి. మొదటి ఆడపిల్లకి తండ్రి తల్లి పేరు పెట్టడం ఆనవాయితీ. ఆవిడ వదులుకుంది. అమ్మ పేరు పెట్టుకోమంది."

"ఆ మాట ఇప్పుడెందుకే?" అంది ఎవాంథియా, తల తిప్పకుండానే.

"ఎందుకంటే, అమ్మ పేరున్న గుడిని కూల్చడానికి రేపు ఈయన సంతకం పెడతానంటున్నాడు. ఆదివారం ఆ గుడిలోనే నా కూతురికి అదే పేరు పెట్టాలా? నాకు నోరు రాదు."

వాయోస్ కప్పు అందుకున్నాడు. తాగలేదు. "పేరుకీ గీతకీ ముడిపెట్టకు."

"ముడిపెట్టింది నేనా?"

కాఫీ మీద నురగ ఆరిపోయింది. అప్పుడు వీధి తలుపు చప్పుడైంది.

*

స్టెర్గియోస్ లోపలికి రాగానే ఇల్లు నిండిపోయింది. చంకలో రిబ్బన్లు కట్టిన పొడవాటి కొవ్వొత్తి, రెండో చేతిలో మిఠాయి పెట్టె. పాపకి జ్ఞానతండ్రి అతనే. కొవ్వొత్తి తేవడం అతని వంతు.

"ఏమ్మా మేనకోడలా, ఏంటి ఈ మొహాలు? జ్ఞానస్నానానికి మూటలు కడుతున్నారా, చావుకి కడుతున్నారా?" కొవ్వొత్తిని గోడకి ఆనించాడు. "బావా, నమస్కారం. నవ్వొచ్చా ఈ ఇంట్లో, పర్మిషన్ తీసుకోవాలా?"

"నీకు పర్మిషన్లతో పనేంటి?" అన్నాడు వాయోస్. "ఎప్పుడు తీసుకున్నావు?"

"అదిగో!" స్టెర్గియోస్ కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక బాదంపప్పు నోట్లో వేసుకున్నాడు. "చూశారా వదినగారూ? ఈయన్ని స్వర్గానికి తీసుకెళ్ళినా, ముందు గోడ చుట్టూ సెట్‌బ్యాక్ జాగా ఎంత వదిలారని అడుగుతాడు."

ఎవాంథియా నవ్వు ఆపుకుంది.

"మిఠాయి తీసుకుని పక్కగదిలోకి వెళ్ళు," అన్నాడు వాయోస్. "గుడి సంగతి మాట్లాడటానికి వచ్చినట్టయితే, అయిపోయింది."

"నేను గుడి సంగతికి రాలేదు. అక్క సంగతికి వచ్చాను."

జాఫిరో చేతిలో మూట బల్ల మీద పెట్టింది.

"అక్క నన్ను ఎత్తుకుని పెంచింది బావా. మా అమ్మ పొలానికి పోతే నాకు అన్నం పెట్టింది అక్కే. అలాంటిదాని పేరున నాలుగు గోడలు లేపితే నీ కళ్ళల్లో దుమ్ము పడిందా?"

"ఆమె గూడు అడిగింది. వంపు దగ్గర. నాకు చెప్పింది."

"నాకు గుడి కావాలంది. ఆస్పత్రిలో. నా చెయ్యి పట్టుకుని."

"ఎప్పుడు?"

"చివరి రోజు."

"అబద్ధం."

"అబద్ధమా?" స్టెర్గియోస్ మెల్లగా లేచాడు. అతని గొంతులో వేళాకోళం పోయింది. "నువ్వక్కడుంటే కదా తెలిసేది? ఎక్కడున్నావు బావా ఆ రోజు?"

స్టెర్గియోస్ మేనకోడలి వైపు తిరిగాడు.

"జాఫిరో, నీకు తెలుసా మీ నాన్న ఎక్కడున్నాడో? లారిసా కోర్టులో ఉన్నాడు. ఈ వాగు కేసులోనే. పక్కన లాయరున్నా నమ్మకం లేదు. తనే నిలబడి జడ్జీకి గీతలు చూపిస్తున్నాడు. ఇక్కడ అక్క తలుపు వైపు చూస్తోంది. కోర్టులో ఈయన వాగుని గెలిపించాడు. వచ్చేసరికి మంచం ఖాళీ."

"మావయ్యా, ఆపు," అంది జాఫిరో.

"నేను ఆపుతాను. ఆయన్ని రేపు ఆపమను."

పక్కగదిలో పాప ఏడుపు మొదలైంది. ఎవాంథియా పరుగున వెళ్ళింది. స్టెర్గియోస్ కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే తడి ఉంది. వాయోస్ అది చూశాడు. చూసి మరింత అసహ్యించుకున్నాడు. ఏడ్చే మనిషిని ఏ కోర్టూ సరిగ్గా విచారించలేదు.

ఆ మాట అబద్ధమని వాయోస్‌కి తెలుసు. నిరూపించే దారి లేదు. సాక్షి చనిపోయింది. తను ఊళ్ళో లేడు.

స్టెర్గియోస్ వెళ్ళాక జాఫిరో చాలాసేపు మూటలు కట్టింది. చివరికి, "నిజమేనా నాన్నా, కోర్టులో ఉన్నావా?" అంది.

"వాయిదా మార్చమన్నాను. ఇవ్వలేదు."

"గట్టిగా అడిగావా?"

వాయోస్ కప్పులోని చల్లారిన కాఫీ తొట్టిలో పారబోశాడు. కప్పు కడిగి బోర్లించాడు.

*

వాయోస్ కొండ మీది ఊళ్ళో పుట్టాడు. మేకలు కాసేవాళ్ళ ఊరు. బడిలో ఒకటే గది. ఒక శరత్కాలంలో కుండపోత వాన కురిసింది. వాగు బడి కింద నుంచే పోతుంది. దొడ్డి తలుపు తీసి మేకల్ని వదలడానికి పరిగెత్తిన మనిషిని దొడ్డితో సహా వాగు ఎత్తుకుపోవడం అతను కిటికీలోంచి చూశాడు. ఆ దొడ్డి అక్కడ కట్టొద్దని ఊళ్ళో ఎవరూ అనలేదు. ఏళ్ళ తరబడి అక్కడే ఉంది కాబట్టి అది సరైన చోటే అనుకున్నారు.

థెస్సలోనికిలో లా చదివాడు. కొన్నాళ్ళు కోర్టులో నల్లకోటు వేసుకున్నాడు. భూమి కేసులు కోర్టుకి వచ్చేసరికే ఓడిపోయి ఉంటాయని అక్కడ అర్థమైంది. తప్పు గీత గీసినచోటే తప్పు మొదలవుతుంది. జడ్జీ దాన్ని చదువుతాడు, అంతే. అందుకని మళ్ళీ పుస్తకాలు పట్టి పట్టణ ప్రణాళిక చదివాడు. గీతలు గీసేవాళ్ళకి చట్టం రాదు, చట్టం తెలిసినవాళ్ళకి నక్షా చదవడం రాదు. వాయోస్‌కి రెండూ వచ్చు. అతన్ని మాయ చెయ్యడం కుదరదు కాబట్టి ఎవరూ ఇష్టపడలేదు. ఒకసారి హోటలువాళ్ళకి సముద్రపు ఒడ్డున అనుమతి ఇవ్వనన్నందుకు దూరపు దీవికి బదిలీ చేశారు. ద్రోసులా సామాను సర్దుతూ, "అక్కడైనా కాస్త మూడంకె వేసుకుని పడుకోనిస్తారా నిన్ను?" అంది. వెంట వచ్చింది. గాలికి తలుపులు కొట్టుకునే ఇంట్లో ఉంది. ఒక్కరోజూ సణగలేదు.

ఆమె సణగలేదు కాబట్టి అతను ఎప్పుడూ ఏదీ అడగలేదు.

శుక్రవారం మేయరు తనే ఆఫీసుకి వచ్చాడు. తలుపు మూసి కూర్చున్నాడు.

"వాయోస్ గారూ, వంపు చాలా చిన్నది. నక్షాలో వేలిగోరంత."

"నక్షాలో వేలిగోరంత. నేల మీద ఒక వీధి."

"మీ ఇంటావిడ పేరు మీద గుడండీ అది! మీరే కూలిస్తే ఊరు మిమ్మల్ని ఏమంటుంది?"

"ఇన్నాళ్ళూ ఏమంటోందో అదే అంటుంది."

వాయోస్ నక్షా బల్ల మీద పరిచాడు. వాగు నీలం, హద్దు ఎరుపు. గుడి చిన్న సిలువ గుర్తు, రెండు ఎర్ర గీతల నడుమ. అతను కళ్ళద్దాలు సవరించుకుని సంతకం పెట్టాడు. మేయరు ఎదురుగానే స్టాంపు వేశాడు.

మేయరు లేచాడు. కోపం రాలేదు. అదే వాయోస్‌కి నచ్చలేదు.

"గీత గీశారు. మంచిది. కూల్చివేత ఉత్తర్వు మాత్రం వేరే కాగితం. అదీ మీ చేతి మీదుగానే రావాలి. సోమవారం మీ బల్ల మీదుంటుంది." తలుపు దగ్గర ఆగాడు. "మధ్యలో ఆదివారం ఉంది కదా. పాపకి నా తరఫున దీవెనలు చెప్పండి."

*

శనివారం జాఫిరో రాదనుకున్నాడు. వచ్చింది. పాపని భుజాన వేసుకుని, మెట్లెక్కి, అతని వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"సంతకం పెట్టావట."

"పెట్టాను."

"సరే."

ఆ సరే అతనికి అర్థం కాలేదు. జాఫిరో అరిచే పిల్ల. తల్లిలా మింగే పిల్ల కాదు.

"పేరు అమ్మదే పెడతాం నాన్నా. మాట ఇచ్చాను. నువ్వు రావాలి."

"అక్కడికా?"

"ఎక్కడికైతే పిలిచామో అక్కడికే. నువ్వు లోపలికి రాకు. నేనూ బయటే ఉంటాను. మావయ్య పాత పద్ధతిలో చేయిస్తున్నాడు. పేరు పలికేదాకా తల్లి గుమ్మం బయటే ఉండాలట."

పాప చెయ్యి చాపి అతని కళ్ళద్దాలు పట్టుకుంది. వాయోస్ విడిపించుకోలేదు. దాని వేళ్ళు ద్రోసులావి. పొట్టిగా, గట్టిగా ఉన్నాయి. ఆమె పేరు ఈ ఇంట్లో మళ్ళీ ఎవరో కేకేసి పిలుస్తారు. అన్నానికి రమ్మని, అల్లరి ఆపమని. అతనికి కావలసింది అదొక్కటే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"వస్తాను," అన్నాడు.

జాఫిరో ఏదో అనబోయి ఆగింది. పాప టోపీ సరిచేసి, తొందరగా మెట్లు దిగిపోయింది.

*

ఆదివారం ఎండ కళ్ళు తెరవనివ్వలేదు. వాగులో గులకరాళ్ళు తెల్లగా కాగిపోతున్నాయి. కీచురాళ్ళు ఒకటే రొద. గుడి చుట్టూ స్టెర్గియోస్ గుడ్డ పందిళ్ళు వేయించాడు. పందిళ్ళ అవతల నిప్పుల మీద గొర్రెలు తిరుగుతున్నాయి. అవతల జాఫిరో, ఆమె భర్త లాజరోస్ పోయించుకున్న పునాది స్తంభాలు ఇనుప చువ్వలతో నిలబడి ఉన్నాయి.

గుడి చిన్నది. పదిమంది నిలబడితే నిండిపోతుంది. మిగతా ఊరంతా బయటే. వాయోస్‌ని చూసి కొందరు దారి ఇచ్చారు, కొందరు వీపు తిప్పారు. స్టెర్గియోస్ దగ్గర పనిచేసే ముసలి మేస్త్రీ ఒకడు గట్టిగానే అన్నాడు. "టేపు తెచ్చాడేమో చూడండ్రా, కొలుస్తాడు."

వాయోస్ గన్నేరు పొద నీడలో నిలబడ్డాడు. పక్కనే జాఫిరో, నీలిరంగు గౌనులో, చేతులు నలుపుకుంటూ.

"దాహంగా ఉందా నాన్నా?"

"లేదు."

"అమ్మకి ఎండ పడేది కాదు."

"పడేది కాదు."

లోపల ఫాదరు యాకోవోస్ ప్రార్థనలు చదువుతున్నాడు. పాప బట్టలు విప్పుతున్నట్టున్నారు. ఏడుపు సన్నగా మొదలై, గుడి బద్దలయ్యేంత పెరిగింది. బయట ఆడవాళ్ళు నవ్వారు. "గొంతు చూడు, మేయరు అవుతుంది!"

జాఫిరో నవ్వలేదు. తండ్రి చెయ్యి పట్టుకుంది. పెళ్ళయ్యాక ఆమె అతని చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. చల్లగా ఉంది చెయ్యి, అంత ఎండలో.

ఫాదరు గొంతు పెంచాడు. "ఈ దేవుని సేవకురాలి పేరేమిటి?"

పేరు చెప్పే హక్కు జ్ఞానతండ్రిది. అతను చెప్పిందే పేరు. కన్నవాళ్ళు కూడా నోరెత్తకూడదు.

గుడిలో ఒక్క క్షణం పాప ఏడుపు తప్ప ఏమీ వినబడలేదు.

"ద్రోసులా," అన్నాడు స్టెర్గియోస్.

వాయోస్ కళ్ళు మూసుకున్నాడు. ఎవరో పక్కనుంచి వచ్చి తన భుజం మీద చెయ్యి వేసినట్టయింది. ఎవరూ లేరు.

"ద్రోసులా మరీనా," అన్నాడు స్టెర్గియోస్.

వాయోస్ కళ్ళు తెరిచి కూతురి వైపు తిరిగాడు. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు.

చెయ్యి వదిలించుకున్నాడు.

లోపల ఫాదరు రెండు పేర్లూ కలిపి పలుకుతూ ముంచుతున్నాడు. గుమ్మంలో ఉన్నవాళ్ళు బయటవాళ్ళకి అందించారు. వాళ్ళు ఇంకొకళ్ళకి అందించారు. గుమ్మం దగ్గర ద్రోసులా మరీనా అన్నారు. పందిరి దగ్గరికి వచ్చేసరికి అది మరీనా అయింది. నిప్పుల దగ్గర గొర్రెల్ని తిప్పేవాడు కత్తి పైకెత్తి, "మరీనా నూరేళ్ళు బతకాలి!" అని కేకేశాడు. ఊరంతా అందుకుంది.

"నీకు తెలుసు," అన్నాడు వాయోస్.

"తెలుసు." జాఫిరో కిందికి చూసింది. "రెండు పేర్లు నాన్నా. తప్పేముంది? అమ్మ పేరే ముందుంది."

"ముందున్నది ఎంతసేపుంది? పందిరి దాకా కూడా రాలేదు."

"ఇంట్లో అమ్మ పేరుతోనే పిలుద్దాం."

"నువ్వు పిలుస్తావా?"

ఎవరో వచ్చి, "పదమ్మా, మరీనా తల్లీ, నీ కూతుర్ని తీసుకో," అని ఆమెని లోపలికి లాక్కుపోయారు.

*

భోజనాల దగ్గర వాయోస్ కూర్చోలేదు. ఎవాంథియా పాపని తెల్ల తువ్వాలులో చుట్టి తెచ్చింది. నూనె మెరుస్తున్న జుట్టు, ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ మొహం.

"అన్నయ్యగారూ, తీసుకోండి. మీ ద్రోసులా."

అతను అందుకున్నాడు.

"నాకు తెలీదండీ," అందావిడ మెల్లగా. "తెలిస్తే నా హక్కు వదులుకునేదాన్ని కాదు. ఎవాంథియా అని పెట్టినా పోయేది. అప్పుడు మీకు కోపమొచ్చేది, అంతేగా. ఇలా అయ్యేది కాదు." అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

స్టెర్గియోస్ త్సిపురో సారా గ్లాసుతో వచ్చాడు. చొక్కా ముందంతా నూనె, నీళ్ళు.

"బావా, ఒక గుక్క తాగు. పాపకి నూరేళ్ళని చెప్పు."

"చిన్నదాన్ని అడ్డం పెట్టావు."

"అడ్డమేంటి బావా? పునీత మరీనా పేరు పెట్టాను. పాపమా?"

"ముందు నీ అక్కని అడ్డం పెట్టావు. ఇప్పుడు ఆమె మనవరాల్ని పెట్టావు."

స్టెర్గియోస్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. చుట్టూ మాటలు తగ్గాయి.

"సరే, నువ్వే అన్నావు కాబట్టి నేనూ అంటాను. రేపు నీ బల్ల మీద ఉత్తర్వు ఉంటుంది. పాపని ముంచిన గుడి. పాప పేరున్న గుడి. పడగొట్టించు. రేపు పెద్దదయ్యాక అడుగుతుంది కదా, నా గుడేదీ అని. మీ తాత గీత గీశాడమ్మా అని చెప్తాం." చేతులు చాపాడు. "నేనేం ఆపను బావా. నీ ఇష్టం."

లాజరోస్ మామగారి పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఓడరేవులో క్రేను నడిపే మనిషి, మాటలు అతని పని కాదు. జాఫిరో వచ్చింది. ఊరు చూస్తోంది.

"నాన్నా," అంది. "మావయ్య మాటలు వదిలెయ్. నేనడుగుతున్నాను. రేపు ఏం చేస్తావు?"

"రేపు ఆఫీసుంది."

"అది కాదు నేనడిగేది."

"నువ్వడిగేది నాకు తెలుసు." అతను గొంతు పెంచలేదు. "విను. అందరూ వినండి. ఈ గుడి మాట, ఈ పేరు మాట, మీ అమ్మ ఏం మొక్కుకుందన్న మాట, నాతో ఇంకెవరూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను. ఇవాళతో సరి."

"కోపంలో అంటున్నావు."

"కోపం లేదు."

"ఎంతకాలం మాట్లాడవు? వారమా? పండగ దాకానా?"

"ఎప్పటికీ."

స్టెర్గియోస్ నవ్వబోయాడు. ఎవరూ కలవలేదు. అతను గ్లాసు తీసుకుని అటు వెళ్ళాడు.

వాయోస్ పాపని కూతురి చేతుల్లో పెట్టాడు. తువ్వాలు జారితే సరిచేశాడు. అది ఏడుపు ఆపి అతని వైపే చూస్తోంది.

"మరి దీన్ని ఏమని పిలుస్తావు నాన్నా?"

వాయోస్ టోపీ పెట్టుకున్నాడు. దారి వైపు వెళ్ళలేదు. వాగులోంచే, గులకరాళ్ళ మీదుగా, ఊరి వైపు నడిచాడు.

"నాన్నా! దీన్ని ఏమని పిలుస్తావు?"

అతను ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"మాట్లాడనని చెప్పాను," అన్నాడు.